గురి కుదరని కొత్త రైఫిల్: రౌండ్లు తగలేయకుండా లోపం పట్టుకున్న ఒక కేసు

పోలీసు బెటాలియన్‌లో ఆర్మరర్‌గా (ఆయుధాలు బాగుచేసే పని) చేసి రిటైరయ్యాక హనుమకొండలో లైసెన్స్ ఉన్న ఒక ఆయుధాల రిపేర్ షాపులో పనిచేస్తున్నాను. కొత్త రైఫిల్ గురి కుదరకపోతే మనవాళ్లు ముందుగా చేసే పని ఇంకో పెట్టె రౌండ్లు కాల్చడం. ఈ కేసు రాయడానికి కారణం అదే. వేరే దేశాల వాళ్ల వీడియోల్లో నాలుగైదు రకాల రౌండ్లు తెచ్చుకుని, ఏది కుదురుతుందో కాల్చి చూసుకుంటారు. ఇంట్లో సొంతంగా రౌండ్లు నింపుకుంటారు కూడా. ఇక్కడ లైసెన్స్ లేకుండా రౌండ్లు నింపడం నేరం. ఏడాదికి ఎన్ని రౌండ్లు కొనొచ్చో లైసెన్స్ మీదే రాసి ఉంటుంది, ప్రతి కొనుగోలూ దాంట్లో ఎక్కుతుంది. అందుకే మన దగ్గర లోపం వెతికే వరస కూడా వేరుగా ఉండాలి. రౌండు ఖర్చు లేని పరీక్షలన్నీ అయిపోయాకే ట్రిగ్గర్ నొక్కాలి. అప్పుడు కూడా ఆ రౌండు ఏ ప్రశ్నకు జవాబు చెప్పాలో ముందే అనుకుని ఉండాలి.

యజమాని పేరు, ఊరు, రైఫిల్ కంపెనీ, అమ్మిన షాపు రాయడం లేదు. అసలు విషయానికి అడ్డురాని ఒకటి రెండు వివరాలు మార్చాను.

నేపథ్యం

ఉత్తర తెలంగాణలో అడవి అంచున ఉన్న ఊరు. యజమాని రైతు, నలభై దాటిన మనిషి. తండ్రి కాలం నుంచి ఇంట్లో డబుల్ బ్యారెల్ 12 బోర్ తుపాకీ ఉంది. మక్క చేనుకు కంకి పట్టే సమయానికి పందుల మందలు దిగితే ఒక్క రాత్రిలో అరెకరం పడుకుంటుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇప్పుడు సరదాకి వేట అన్న మాటే లేదు. అయితే పంటను నాశనం చేస్తున్న జంతువు విషయంలో అదే చట్టం 11వ సెక్షన్ కింద అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. ఈయన అలాంటి కాగితం ఉంటేనే మంచె ఎక్కుతాడు. అది నేను చూశాకే పని మొదలుపెట్టాను.

12 బోర్‌తో నలభై మీటర్లు దాటితే నమ్మకం లేదని కొత్తగా ఒక .30-06 బోల్ట్ యాక్షన్ రైఫిల్ (ఒక్కో రౌండుకు చేత్తో బోల్ట్ లాగి తోసేది) కొన్నాడు. కట్టె స్టాక్ (భుజానికి ఆనించే, బ్యారెల్ కూర్చునే కట్టె భాగం), బ్యారెల్ మీద గురి చూసే మామూలు ఫోర్‌సైట్, బ్యాక్‌సైట్, వాటి పైన షాపువాళ్లు బిగించి ఇచ్చిన స్కోప్ (గురి చూసే దుర్భిణి). వేసవిలో రేంజ్ మీద కాల్చినప్పుడు బాగానే ఉందట. తర్వాత స్థానిక ఎన్నికల కోడ్ వచ్చింది. లైసెన్స్ తుపాకులన్నీ డిపాజిట్ చేయమన్నారు, ఈయనా చేశాడు. తిరిగి తెచ్చుకునేసరికి వానలు మొదలయ్యాయి. అప్పటి నుంచి కథ చెడింది.

వచ్చిన సమస్య

100 మీటర్ల దగ్గర ఐదు రౌండ్లు వేస్తే పాతిక సెంటీమీటర్ల వెడల్పున చెదురుతున్నాయి. ఒకటి నడిమధ్యలో, తర్వాతిది అరచేయంత కింద. ఫోన్‌లోనే గొంతులో టెన్షన్ తెలుస్తోంది.

"సార్, దీని బ్యారెలే ఖరాబున్నదంటున్నరు. అమ్ముదామంటే ఎవడు కొంటడు?"

"తమ్మీ, ముందు ఇంకొక్క రౌండు కూడా కాల్చకు. లైసెన్స్ బుక్కు, రైఫిల్, ఉన్న రౌండ్ల పెట్టెలు, కాల్చిన టార్గెట్ పేపర్లు అన్నీ తీసుకొని షాపుకు రా."

"పేపర్లు పారేసిన సార్. ఫోన్ల ఫోటోలున్నయి."

ఆ ఫోటోలు పనికిరాలేదు. మూడు రౌండ్లు కాల్చడం, గురి జరిపే స్కోప్ క్లిక్కులు అటు తిప్పడం, మళ్లీ మూడు కాల్చడం, ఇటు తిప్పడం. ఆ స్కోప్‌లో ఒక క్లిక్కు 100 మీటర్ల దగ్గర 7 మిల్లీమీటర్లు జరుపుతుంది. తుపాకీ తనంతట తానే పాతిక సెంటీమీటర్లు చెదరగొడుతుంటే, మూడు రంధ్రాల మధ్యబిందువు చూసి క్లిక్కులు తిప్పడం దయ్యాన్ని తరమడమే. పైగా ఏ రంధ్రం ఏ సెట్టింగ్‌లో పడిందో తర్వాత ఎవరూ చెప్పలేరు.

అప్పటికే చేసి చూసినవి

నా దగ్గరకు వచ్చేలోపు మూడు పనులు జరిగాయి. మొదట ఎవరో చెప్పారని స్కోప్ మార్చాడు. తేడా రాలేదు. దాంతో "స్కోప్ తప్పు కాదు, బ్యారెలే తప్పు" అని అందరూ తేల్చేశారు. ఈ తీర్మానమే కేసును పక్కదారి పట్టించింది. స్కోప్ మారింది నిజమే, కానీ దాని కింద రైఫిల్‌కు బిగించిన రెండు బేసులు (స్కోప్‌ను మోసే లోహపు దిమ్మెలు) పాతవే. వాటి నాలుగు స్క్రూలను ఎవరూ ముట్టుకోలేదు.

రెండోది, బ్యారెల్‌ను మూతి వైపు నుంచి రాడ్ పెట్టి బాగా రుద్దాడు. మూతి అంచు, అంటే క్రౌన్, తూటా బ్యారెల్‌ను వదిలే చివరి చోటు. అక్కడ గీత పడితే వెనక నుంచి వచ్చే గ్యాస్ ఒక పక్కకు ముందుగా చిమ్మి తూటాను తోస్తుంది. ఎప్పుడైనా వెనక నుంచి, బోల్ట్ తీసేసి తుడవాలి. మూడోది, దొరికిన రౌండ్లల్లా కలిపి కాల్చాడు. పెట్టెలు చూస్తే కొన్ని 150 గ్రెయిన్లవి, కొన్ని 180. తూటా బరువు మారితే పడే చోటు మారుతుంది. దొరికిందే కొనాల్సిన పరిస్థితిలో ఆయన్ని తప్పుపట్టలేను, కానీ రెండు రకాలు కలిపి కొట్టిన గ్రూపింగ్‌ను (తూటాలు ఎంత దగ్గరగా పడ్డాయన్న కొలత) గ్రూపింగ్ అనలేం.

రౌండు ఖర్చు లేని పరీక్షలు

చాంబర్, మ్యాగజైన్ ఖాళీ అని ఇద్దరం విడివిడిగా చూశాం. తర్వాత క్రౌన్. చెవిలో పెట్టుకునే దూదిపుల్లను మూతి లోపలి అంచు చుట్టూ మెల్లగా తిప్పాను. ఎక్కడైనా గరుకు ఉంటే దూది పోగు పట్టుకుని ఆగిపోతుంది. ఎక్కడా ఆగలేదు. అంత రుద్దినా క్రౌన్ బతికి ఉండటం ఆయన అదృష్టం. బ్యారెల్‌లో తూటాల నుంచి అంటిన రాగిని తీసే మందు పెట్టిన చిందీ గుడ్డ లేత నీలంగా వచ్చింది, తర్వాతివి తెల్లగా వచ్చాయి. కొత్త బ్యారెల్‌కు అది సాధారణమే. బ్యారెల్ మీద నా అనుమానం ఇక్కడే సగం పోయింది. పూర్తిగా పోవాలంటే కాల్చి చూడాలి.

స్టాక్‌ను యాక్షన్‌కు (బోల్ట్ కదిలే లోహ భాగం) పట్టి ఉంచే రెండు స్క్రూలు చూశాను. ముందుది కొంచెం వదులు. టార్క్ రెంచ్‌తో రెండూ ఒకే లెక్కకు, 4.5 న్యూటన్ మీటర్లకు బిగించాను. కట్టె స్టాక్ కాబట్టి అంతకుమించి వెళ్లను. ఎక్కువ బిగిస్తే కట్టె నలిగి, వారం తిరక్కుండా మళ్లీ వదులవుతుంది.

తర్వాత పది రూపాయల నోటు. బ్యారెల్‌కు, స్టాక్‌కు మధ్య దాన్ని దూర్చి మూతి వైపు నుంచి వెనక్కి లాగాను. ఈ రైఫిల్‌లో బ్యారెల్ ఎక్కడా కట్టెను తాకకూడదు. నోటు సాఫీగా వచ్చి, యాక్షన్‌కు నాలుగు వేళ్ల దూరంలో కుడి పక్కన ఆగింది. అక్కడ కట్టె బ్యారెల్‌ను నొక్కుతోంది. వానాకాలం, వారాల తరబడి కవర్‌లో నిలబెట్టిన తుపాకీ, లోపలి పక్క పాలిష్ లేని పచ్చి కట్టె. మూడూ కలిశాయి. స్టాక్ బయటంతా మెరిసే వార్నిష్, బ్యారెల్ కూర్చునే గాడిలో మాత్రం ఏమీ లేదు. తేమ అక్కడి నుంచే ఎక్కింది.

చాలామంది ఇక్కడ ఆగి ఉప్పుకాగితం తీస్తారు. నేను తీయలేదు. దొరికిన లోపం నిజమే. కానీ ఆయన చెప్పిన లక్షణం దానికి సరిపోవడం లేదు. కట్టె నొక్కితే బ్యారెల్ వేడెక్కే కొద్దీ తూటాలు ఒక దిక్కుకు క్రమంగా జరగాలి. ఈయన చెప్పింది గెంతు: ఒకటి ఇక్కడ, వెంటనే ఒకటి అరచేయంత కింద, మళ్లీ పైన. క్రమంగా జరిగేదానికి, గెంతేదానికి కారణాలు వేరు. ఏదో ఒక భాగం రెండు చోట్ల కూర్చుంటుంటే గెంతు వస్తుంది.

మనిషా, తుపాకీయా

రేంజ్‌కు అనుమతి తీసుకుని ఒక పొద్దున్నే వెళ్లాం. ఎండ ఎక్కితే 100 మీటర్ల దూరంలో టార్గెట్ ఆవిరిలో ఊగుతుంది, అప్పుడు ఎంత కొట్టినా ఏమీ తేలదు. ముందుగా మనిషిని చూశాను. మ్యాగజైన్‌లో డమ్మీ రౌండ్లు, ఒక నిజమైన రౌండు ఆయనకు తెలియని వరసలో పెట్టి ఇచ్చాను. డమ్మీ వచ్చినప్పుడు ట్రిగ్గర్ 'టిక్' అంది, మూతి మాత్రం రెండు వేళ్లు కిందికి ముక్కింది. దెబ్బకు ముందే భుజం భయపడుతోంది. .30-06 తన్ను 12 బోర్ తన్నుకు తక్కువేం కాదు, పైగా ఈయన చెవులకు ఏమీ పెట్టుకోకుండా ఇన్నాళ్లు కాల్చాడు. చెవుల్లో బిరడాలు, పైన మఫ్ పెట్టించాను. స్టాక్ వెనక రబ్బరు ప్యాడ్ తొడిగించాను. డమ్మీలతోనే ఓపికగా సాధన చేయించాక మూతి నిలబడింది. దీనికి లైసెన్స్ లెక్కలో పోయింది ఒక్క రౌండే.

అయినా, మనిషిలో లోపం కనిపించింది కదా అని తుపాకీ నిర్దోషి అయిపోదు. క్లబ్‌లో పోటీలకు వెళ్లే ఒకాయన్ని పిలిచి, నేను పక్కన నిలబడి, ఇసుక సంచి మీద స్టాక్ ఆనించి, ఒకే లాట్ (ఒకే విడతలో తయారైన) 180 గ్రెయిన్ రౌండ్లు ఐదు కాల్పించాను. క్లిక్కులు ముట్టుకోలేదు. ఒక్కో రంధ్రం పక్కన వరస నంబరు రాశాను. పేపర్ చూడగానే విషయం బయటపడింది: మూడు పైన దగ్గరదగ్గరగా, రెండు కింద దగ్గరదగ్గరగా, రెండు గుంపుల మధ్య తొమ్మిది పది సెంటీమీటర్లు. వరస చూస్తే ఒకటీ రెండూ పైన, మూడు కింద, నాలుగు పైన, ఐదు కింద. మంచి షూటర్ చేతిలో కూడా అలా వచ్చిందంటే భుజం సంగతి పక్కన పెట్టొచ్చు. బ్యారెల్ చెడిపోతే రంధ్రాలు ఇష్టం వచ్చినట్టు చెదురుతాయి, ఇలా రెండు చోట్ల ముద్దగా పడవు.

బేసా, స్టాకా

రెండు చోట్ల కూర్చునేది స్కోప్ బేస్ కావచ్చు, లేదా తన్నినప్పుడు స్టాక్‌లో జరిగే యాక్షన్ కావచ్చు. ఈ రెంటినీ విడదీయడానికి రైఫిల్ మీదే ఒక సాధనం ఉంది. బ్యారెల్ మీది మామూలు సైట్లు. అవి బ్యారెల్‌కే బిగించి ఉంటాయి, స్కోప్ బేసుతో వాటికి సంబంధం లేదు. స్కోప్ తీసేసి 50 మీటర్ల దగ్గర వాటితో కొడితే రెండు గుంపులు మళ్లీ కనిపిస్తే తప్పు యాక్షన్‌ది. ఒకే గుంపు వస్తే తప్పు బేస్‌ది. సైట్‌తో కొట్టేటప్పుడు కంటి లోపం కొంత కలుస్తుంది కాబట్టి సన్నని తేడాలు పట్టించుకోకూడదని ముందే అనుకున్నాం.

ఒకే గుంపు వచ్చింది. మొదటి మూడు కాఫీ కప్పు మూతంత చోటులో పడ్డాయి. నాలుగు, ఐదు పైకి, కొంచెం ఎడమకి జరిగాయి. ఒక్క పేపర్ మీద రెండు జవాబులు దొరికాయి. గెంతు స్కోప్ బేస్‌ది, జరుగుడు కట్టెది. కుడి నుంచి కట్టె నొక్కుతుంటే బ్యారెల్ ఎడమకు పోవడం సహజమే. వెంటనే నోటు మళ్లీ దూర్చి చూస్తే వేడి బ్యారెల్ మీద ఇంకా ముందే ఆగింది.

బేసు కింద ఏముంది

షాపుకు వచ్చి మూతి వైపున్న ముందు బేసు విప్పాను. రెండు స్క్రూలూ గట్టిగానే ఉన్నాయి, రెంచ్ కూడా ఒప్పుకుంది. ఈ కేసులో అందరినీ తప్పుదారి పట్టించిన చోటు ఇదే. విప్పిన స్క్రూను వెలుతురులో తిప్పితే కొన మీద గీసిన నాణెంలా చిన్న మెరుపు మచ్చ. కొన రంధ్రం అడుగుకు తగిలి అరిగింది. ముందు బేసు కింద రైఫిల్‌లో ఒక రంధ్రం లోతు తక్కువ, దానికి పొట్టి స్క్రూ వాడాలి. బిగించినవాళ్లు ముందూ వెనకల స్క్రూలు తారుమారు చేశారు. పొడవు స్క్రూ అడుగుకు తగిలి ఆగిపోయింది. బిగుతుగా తోచింది గానీ దాని తల బేసును పట్టుకోలేదు. రెండో స్క్రూ ఒక్కటే బేసును మోస్తోంది, తన్నినప్పుడల్లా అది లేచి కూర్చుంటోంది.

ఎంత లేవాలి? ఈ స్కోప్‌ను బేసులకు పట్టి ఉంచే రెండు రింగుల మధ్య దూరం 11 సెంటీమీటర్లు. ముందు రింగు 0.1 మిల్లీమీటరు, అంటే ఒక జెరాక్స్ కాగితం మందం, లేస్తే 100 మీటర్ల దగ్గర 9 సెంటీమీటర్ల తేడా వస్తుంది. ముందు భాగం లేచినప్పుడు స్కోప్ పైకి చూస్తుంది, దాన్ని టార్గెట్ మీదకు తెచ్చేటప్పుడు బ్యారెల్ కిందికి దిగుతుంది. అందుకే రెండో గుంపు కింద పడింది. పేపర్ మీద కొలిచిన తేడాకు, ఈ లెక్కకు పొసగడంతో ఇక వేరే కారణం వెతకలేదు.

స్క్రూలు వాటి చోట్లకు మార్చాను. పొట్టి స్క్రూను బేసు లేకుండా ముందు చేత్తో పూర్తిగా దించి, ఎంత లోతు వరకు పోతుందో కొలిచి, బేసు మందం తీసేస్తే కొన అడుగుకు తగలదని చూసుకున్నాను. రంధ్రాల్లో ఫ్యాక్టరీ నూనె నిండుగా ఉంది. దాన్ని స్పిరిట్‌తో తుడిచి, నీలం రంగు త్రెడ్ లాకర్ చుక్క పెట్టి బిగించాను. ఎర్రది వాడకూడదు, అది మళ్లీ విప్పాలంటే వేడి చేయాల్సి వస్తుంది.

కట్టె పని

గాడిని వెంటనే గీకడం తేలిక. కానీ తడితో ఉబ్బిన కట్టెను గీకి, ఆ తడి మీదే వార్నిష్ వేస్తే తేమ లోపలే ఉండిపోతుంది, ఎండాకాలంలో కట్టె మెలిక తిరుగుతుంది. ఊరికే ఆరబెట్టి వదిలితే వచ్చే వానాకాలంలో మళ్లీ ఉబ్బుతుంది. అందుకని రెండు దఫాలుగా చేశాను. ఉబ్బి ఉన్నప్పుడే, ఎక్కడ తగులుతోందో బ్యారెల్‌కు సుద్దపొడి రాసి గుర్తు పట్టి, గుండ్రటి కర్రకు చుట్టిన ఉప్పుకాగితంతో నోటు రెండు మడతలు సాఫీగా పోయేంత గీకాను. ఉబ్బినప్పుడే చోటు చాలితే ఏ కాలంలోనైనా చాలుతుంది. యాక్షన్ కూర్చునే భాగాన్ని మాత్రం ముట్టుకోలేదు, అక్కడ గీకితే కొత్త రోగం మొదలవుతుంది. తర్వాత స్టాక్‌ను విడిగా ఎండ తగలని గదిలో ఫ్యాన్ కింద ఆరనిచ్చి, వారానికోసారి తూచాను. బరువు తగ్గడం ఆగాకే గాడి లోపల, వెనక ప్యాడ్ కింద పచ్చి కట్టెకు పలచగా వార్నిష్ పూతలు వేశాను. ఆయన తొందరపెట్టాడు, చేను కంకి మీద ఉందన్నాడు. ఆ సీజన్ 12 బోర్‌తోనే నెట్టుకురమ్మన్నాను.

ఫలితం

మళ్లీ రేంజ్ మీద, అదే లాట్ రౌండ్లు, ఈసారి ట్రిగ్గర్ దగ్గర ఆయనే. నూనె పూర్తిగా తుడిచిన చల్లని బ్యారెల్‌తో ఐదు. 100 మీటర్ల దగ్గర 6 సెంటీమీటర్లు, ఒకే గుంపు. మొదటి రౌండు గుంపు లోపలే పడింది. నాకు గుంపు వెడల్పు కన్నా అదే ముఖ్యం. చేలో రెండో రౌండుకు అవకాశం దొరకదు, చల్లని బ్యారెల్ మొదటి తూటా ఎక్కడ పోతుందో అదే ఆ తుపాకీ అసలు గురి. పూర్తిగా చల్లారనిచ్చి ఇంకొకటి కాల్పిస్తే అది కూడా అక్కడే పడింది.

అప్పుడు ఆయన, "సార్, ఇంకా దగ్గరికి తేవచ్చా? గ్లాస్ బెడింగ్ అని చేస్తరంట కదా" అన్నాడు. అంటే యాక్షన్ కూర్చునే చోట కట్టెలో రెసిన్ పోసి కదలకుండా కూర్చోబెట్టడం. చేయొచ్చు, కుదిరితే 3 సెంటీమీటర్లకు కూడా రావొచ్చు. అవసరం లేదని చెప్పాను. పందికి ప్రాణం పోయే చోటు అటూ ఇటూగా పదిహేను సెంటీమీటర్లు. మంచె మీద నుంచి ఈయన కాల్చే దూరం అరవై మీటర్లు దాటదు, దాటకూడదు కూడా. .30-06 తూటా గురి తప్పితే కిలోమీటర్ల దూరం పోతుంది. మంచె మీద నుంచి కిందికి కొడితే నేల ఆపుతుంది, సమంగా కొడితే పక్క ఊరే. బెడింగ్‌కు పెట్టే డబ్బుతో మంచె ఇంకో నాలుగు అడుగులు ఎత్తు చేయించమన్నాను.

ఇప్పుడు ఆయన దగ్గర ఒక చిన్న నోటుబుక్కు ఉంటుంది. అందులో తేదీ, లాట్ నంబరు, తూటా బరువు, చల్లని బ్యారెల్ మొదటి రౌండు ఎక్కడ పడింది, నోటు పరీక్ష ఫలితం. ఈ చివరిది వానలు మొదలయ్యాక ఒకసారి, సంక్రాంతికి ఒకసారి. 150 గ్రెయిన్ పెట్టెలు విడిగా కట్టించి పైన పెద్ద అక్షరాలతో రాయించాను. అవి సాధనకే, వాటితో మంచె ఎక్కకూడదు. 180 లాట్ అయిపోయాక కొత్త పెట్టె కొన్న రోజు మొదటి ఐదు రౌండ్లు జీరోయింగ్‌కే (స్కోప్ గురి సరిచేసుకోవడానికే) పోతాయి, ఆ లెక్క ముందే వేసుకుని కొనమని చెప్పి పంపాను.